ఇంటర్‌స్కూల్ ఫుట్‌బాల్‌లో కప్పులన్నీ ప్రైవేట్ స్కూళ్లకే: పోటీ సమంగా సాగాలంటే రూల్స్ ఎలా రాయాలి?

పీఈటీ_మలక్‌పేట్

అందరికీ నమస్కారం. అండర్-15 బాలుర ఇంటర్‌స్కూల్ టోర్నీకి రూల్స్ కొత్తగా రాస్తున్నాం. 16 జట్లు, రెండు గ్రౌండ్లు (ఒకటి టర్ఫ్, ఒకటి మొరం), నవంబర్‌లో మూడు శని, ఆదివారాలు. ఇప్పటిదాకా నేరుగా నాకౌట్ పద్ధతిలో నడిచింది. సొంత టర్ఫ్, నెలజీతం మీద కోచ్ ఉన్న నాలుగైదు ప్రైవేట్ స్కూళ్లే ఏటా సెమీస్‌కు వస్తున్నాయి. ప్రభుత్వ హైస్కూళ్లు మొదటి మ్యాచ్‌లోనే 8-0, 9-0తో ఓడి ఇంటిదారి పడుతున్నాయి. ఒక్క మ్యాచ్ కోసం నెలరోజులు పిల్లల్ని పోగేసిన పీఈటీలు మరుసటి ఏడు ఎంట్రీ పంపడమే మానేస్తున్నారు.

కమిటీ ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ప్రభుత్వ, ప్రైవేట్ స్కూళ్లకు వేర్వేరు కప్పులు పెట్టడం ఒకటి. అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్‌లో లాగా ప్రైవేట్ స్కూల్ విద్యార్థుల సంఖ్యను ఒక అంకెతో హెచ్చించి, పెద్ద స్కూళ్ల తరగతిలో ఆడించడం ఇంకొకటి. వీటిలో ఏది మన దగ్గర నిలుస్తుంది? వయసు తనిఖీ ఎంతవరకు చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా రాస్తే రూల్స్ కాగితంలో యథాతథంగా పెట్టుకుంటాం.

గ్రాస్‌రూట్స్_కోచ్_ఉప్పల్

సార్, ఫీజు ఎవరు కడుతున్నారన్నదే ప్రభుత్వ, ప్రైవేట్ అనే గీతతో తెలుస్తుంది. జట్టు ఎలా తయారైందో దానితో తెలియదు. హైదరాబాద్‌లో ఆ గీత పట్టుకుని విడదీస్తే రెండు వైపులా అన్యాయం జరుగుతుంది. యాకుత్‌పురాలోనో బోరబండలోనో మూడంతస్తుల ఇంట్లో నడిచే స్కూలు కూడా ప్రైవేటే. దానికి గ్రౌండ్ లేదు, పీఈటీ ఉంటే ఉంటాడు లేకపోతే లేదు. దాన్ని తీసుకెళ్లి టర్ఫ్ ఉన్న ఇంటర్నేషనల్ స్కూల్‌తో ఒకే కప్పులో కలిపేస్తారు. ఇటు హకీంపేటలోని రాష్ట్ర స్పోర్ట్స్ స్కూల్ ప్రభుత్వానిది. నాలుగో తరగతిలోనే శారీరక సామర్థ్య పరీక్షలు పెట్టి రాష్ట్రమంతటి నుంచి పిల్లల్ని ఎంచుకుంటుంది, హాస్టల్‌లో ఉంచి తర్ఫీదు ఇస్తుంది. గురుకులాల్లోనూ పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి తెల్లవారగానే గ్రౌండ్‌లోకి దిగొచ్చు. ‘ప్రభుత్వ కప్పు’ అని పెడితే ఇలాంటి జట్లు పట్టుకుపోతాయి. వాడవాడకూ ఉన్న మామూలు హైస్కూల్ మళ్లీ మొదటి మ్యాచ్‌లోనే వెనక్కి వస్తుంది.

తేడా తెచ్చేవి నిజానికి నాలుగు. స్కూలు పిల్లల్ని ఆట చూసి చేర్చుకుంటుందా, లేక చుట్టుపక్కల ఇళ్ల నుంచి ఎవరొస్తే వాళ్లతో ఆడుతుందా? వారంలో కోచ్ ముందు బంతితో ఎన్ని గంటలు? జట్టులో ఎంతమంది బయట అకాడమీల్లో ఆడుతున్నారు? పరిగెత్తడానికి మైదానం ఉందా? వీటిని ఎంట్రీ ఫారంలోనే అడిగి పాయింట్లు వేయండి. ఆటను బట్టి సీటు, ఫీజు మాఫీ, హాస్టల్ వసతి ఏదైనా ఇస్తే 3. జట్టులో ఫెడరేషన్ సీఆర్‌ఎస్ ఐడీ ఉన్న ప్రతి ముగ్గురికి 1 చొప్పున, 3 దాటకుండా. కోచ్‌తో వారానికి మూడు రోజులకు మించి ప్రాక్టీస్ ఉంటే 2. సొంతమో అద్దెకో సుమారు 55 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు మైదానం ఉంటే 1. మొత్తం 9లో 5 ఆపైన వస్తే ఏ శ్రేణి, తక్కువైతే బి శ్రేణి.

సీఆర్‌ఎస్ అంటే ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ నడిపే కేంద్ర రిజిస్ట్రేషన్. యూత్ లీగుల్లో క్లబ్బు, అకాడమీ తరఫున ఆడే పిల్లవాడికి ఆ ఐడీ తప్పనిసరి. కాబట్టి ‘మా వాళ్లంతా స్కూల్లోనే నేర్చుకున్నారు’ అనే మాటను నిమిషాల్లో సరిచూడొచ్చు. మిగతా మూడింటికి కాగితం సాక్ష్యం ఉండదు. దానికి ఒకటే ఉపాయం: అందిన 16 ఫారాలనూ అన్ని స్కూళ్లకు పంపేయండి. వారానికి ఐదు రోజులు ప్రాక్టీస్ చేయిస్తూ రెండని రాస్తే పక్క స్కూల్ కోచ్ ఊరుకోడు.

ఒక్క జాగ్రత్త. ఈ పాయింట్లు గ్రూపులు వేయడానికే వాడండి, ఏ పిల్లవాణ్నీ ఆపడానికి కాదు. ‘అకాడమీ పిల్లలు ఒకేసారి నలుగురికి మించి మైదానంలో ఉండకూడదు’ అనే రూల్ వినడానికి బాగుంటుంది. కానీ ఆట నేర్చుకున్నందుకు పిల్లవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టినట్టు అవుతుంది. పైగా రెండు జెర్సీలు మార్చి దాన్ని దాటేస్తారు.

కోడిగుడ్డు_బంతి

అమెరికా లెక్క గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా. దాన్ని ఇక్కడికి తెచ్చేముందు అది ఎందుకు పుట్టిందో చూడాలి.

వాళ్ల ఫుట్‌బాల్ మన ఆట కాదు, కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అందులో దాడికి 11 మంది, డిఫెన్స్‌కు వేరే 11 మంది, కిక్‌ల కోసం ఇంకొన్ని ప్రత్యేక దళాలు. పెద్ద స్కూల్ జట్టులో 50 మందికి పైగా కనిపిస్తారు. చిన్న స్కూల్లో ఒకే పిల్లవాడు రెండు వైపులా ఆడాలి, నాలుగో క్వార్టర్ వచ్చేసరికి వాడి కాళ్లు ఆడవు. అందుకే అక్కడ స్కూల్‌లో ఎంతమంది చదువుతున్నారనే దాన్ని బట్టి తరగతులు విడదీశారు. అయితే ప్రభుత్వ స్కూలు సాధారణంగా తన హద్దులోని పిల్లల్నే తీసుకోవాలి. ప్రైవేట్ స్కూలుకు హద్దు లేదు, 400 మందే ఉన్నా అందులో ఆటగాళ్ల శాతం ఎక్కువ పెట్టుకోవచ్చు. ఆ తేడాను పూడ్చడానికి అలబామా 1999లో 1.35 గుణకం తెచ్చింది, ఇల్లినాయిస్ 2005లో 1.65 తెచ్చింది. 400 మంది ఉన్న స్కూల్‌ను ఇల్లినాయిస్ 660 మంది ఉన్నట్టు లెక్కించి తరగతి నిర్ణయిస్తుంది. గమనించండి, అక్కడ రూల్‌లో ఉన్న మాట ‘ప్రైవేట్’ కాదు, ‘హద్దులు లేని స్కూలు’. పై పోస్టులో అన్న హకీంపేట సంగతి సరిగ్గా అదే.

ఈ పద్ధతితో వచ్చిన చిక్కు ఏమిటంటే, గుణకం గెలుపోటములు చూడదు. ఏళ్లతరబడి ఒక్క టైటిల్ లేని చిన్న చర్చి స్కూలు కూడా పై తరగతిలోకి వెళ్లి దెబ్బలు తింటుంది. ఇల్లినాయిస్ ఆ తర్వాత బలహీన జట్లకు మినహాయింపులు పెట్టాల్సి వచ్చింది. ఇండియానా 2012లో వేరే దారి పట్టింది. అక్కడ టోర్నీలో మెట్టుమెట్టుగా సాధించిన దానికే పాయింట్లు: మొదటి మెట్టు సెక్షనల్ గెలిస్తే 1, రీజనల్‌కు 2, సెమీ-స్టేట్‌కు 3, స్టేట్ టైటిల్‌కు 4. రెండేళ్లలో కలిపి 6 వస్తే స్కూలు పై తరగతికి. అది ప్రభుత్వ స్కూలైనా, ప్రైవేటైనా ఒకటే రూలు. ఒహాయోలో ఈ విషయం మీద 2011, 2012, 2013లో ఓటింగ్ ఓడిపోయి 2014లో నెగ్గింది, 2017 నుంచి అమలైంది. వాళ్లు స్కూల్ మొత్తాన్ని హెచ్చించరు. జట్టులోని ఒక్కో పిల్లవాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూసి, దాన్ని బట్టి స్కూల్ సంఖ్యకు కొంత కలుపుతారు.

పూర్తిగా విడదీసిన చోట్లూ ఉన్నాయి. న్యూజెర్సీలో ప్రైవేట్ స్కూళ్ల టైటిళ్లు వేరు. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ల సంస్థలో ప్రైవేట్ స్కూళ్లకు చోటు లేదు, డల్లాస్, హ్యూస్టన్‌లలోని రెండు జెసూట్ స్కూళ్లు మినహా. టెనెసీ 1997లో గీసిన గీత నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఆటగాళ్లకు ఫీజు సాయం చేసే ప్రైవేట్ స్కూళ్లు ఒక డివిజన్‌లో, చేయనివి ప్రభుత్వ స్కూళ్లతో కలిసి ఇంకో డివిజన్‌లో. స్కూలే తన దారి ఎంచుకుంటుంది.

ఇక మన ఆటకొస్తే, విద్యార్థుల సంఖ్య హెచ్చించడం దండగ. మైదానంలో 9 లేదా 11 మంది, బెంచీ మీద ఐదారుగురు. 3000 మంది ఉన్న స్కూల్ మీద 300 మంది ఉన్న స్కూల్ గెలవడానికి ఒక మంచి గోల్‌కీపర్, మధ్యలో ఆటను నడిపే ఒక్క పిల్లవాడు చాలు. కాబట్టి ఇండియానా పాయింట్లు, టెనెసీ గీత తీసుకోండి, 1.65 అక్కడే వదిలేయండి.

రెఫరీ_సికింద్రాబాద్

శ్రేణులు ఎలా వేసినా, నాకౌట్ ఉంచితే ఏ రూలూ పనిచేయదు. 16 జట్ల నాకౌట్‌లో మొత్తం 15 మ్యాచ్‌లు. ఎనిమిది జట్లకు ఒక్క మ్యాచే. ఓడి నేర్చుకునే వీలు అసలు ఉండదు.

నాలుగేసి జట్ల నాలుగు గ్రూపులు చేయండి. ఒక్కో గ్రూపులో 6 మ్యాచ్‌లు, మొత్తం 24. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు ప్రధాన కప్‌లోకి, మిగిలినవి షీల్డ్ అనే రెండో పోటీలోకి. రెండింటిలో క్వార్టర్స్ నుంచి ఏడేసి మ్యాచ్‌లు. మొత్తం 38. సగానికి 25 నిమిషాలు, మధ్యలో 5, జట్లు మారడానికి 15: మ్యాచ్‌కు 70 నిమిషాలు పడుతుంది. 7:30, 8:40, 9:50, 11:00కి మొదలుపెడితే ఒక గ్రౌండ్‌లో మధ్యాహ్నం 12 లోపు నాలుగు మ్యాచ్‌లు, రెండింట్లో ఎనిమిది. అంటే రోజుకు ప్రతి జట్టూ ఒక్కసారే ఆడుతుంది. మొదటి శని, ఆదివారాలు, రెండో శనివారం గ్రూప్ మ్యాచ్‌లు. రెండో ఆదివారం క్వార్టర్స్, మూడో శనివారం సెమీస్, ఆదివారం రెండు ఫైనల్స్. మీ ఆరు రోజులకు సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం మ్యాచ్ పెట్టొద్దు, నవంబర్ చివర్లో ఆరు కొట్టకముందే వెలుతురు పోతుంది.

ఏ శ్రేణి జట్లను నాలుగు గ్రూపులకూ పంచండి, ఒకే గ్రూపులో పడనీయొద్దు. గోల్స్ తేడాకు 4 దగ్గర కళ్లెం వేయండి: 9-0 గెలిచినా పట్టికలో +4గానే రాస్తారు. ఇది రాతపూర్వకంగా ఉంటే బలమైన కోచ్ ఐదో గోల్ తర్వాత బెంచీ పిల్లల్ని దించుతాడు. లేకపోతే పట్టిక కోసం చివరి నిమిషం దాకా గోల్స్ కొట్టిస్తూనే ఉంటాడు, అతన్ని తప్పుపట్టడానికీ లేదు.

నేనైతే 11 మందికి బదులు 9 మంది ఆట పెడతాను. మైదానం 70 × 50 మీటర్లు చాలు. ప్రభుత్వ స్కూల్ పీఈటీ 12 మందిని తేవడమే గగనం, ఒకడికి మడమ తిరిగితే 11 మంది ఆటలో జట్టు నీరసిస్తుంది. ప్రైవేట్ స్కూల్ 20 మందితో దిగి గంటసేపూ తాజా కాళ్లతో పరిగెత్తిస్తుంది. స్కోరు 3-0 నుంచి 8-0 అయ్యేది ఎక్కువగా చివరి పదిహేను నిమిషాల్లోనే, అలసట వల్ల. కాబట్టి స్క్వాడ్ 14 దాటకూడదు, రిటర్న్ సబ్‌స్టిట్యూషన్ ఉండాలి. బయటికొచ్చిన పిల్లవాడు మళ్లీ దిగొచ్చు. ఫుట్‌బాల్ నియమాల్లో మూడోది యూత్, గ్రాస్‌రూట్స్ ఆటలకు దీన్ని అనుమతిస్తుంది. ఎన్నిసార్లైనా అని రాయండి, కాకపోతే బంతి ఆగినప్పుడు, రెఫరీ చూసి తల ఊపాకే. జట్టులో 6 మంది కంటే తగ్గితే మ్యాచ్ ఆపేయాలి, ఆ అంకె కూడా రూల్స్‌లో ఉండాలి. లేకపోతే గ్రౌండ్‌లో గొడవ.

గల్లీ_ఆట_చాదర్‌ఘాట్

పీఈటీ సార్, వేర్వేరు కప్పులు మాత్రం పెట్టకుండ్రి. ఎందుకో చెప్త.

అకాడమీలోళ్లు, క్లబ్ స్కౌట్లు ఒక్క రోజే వస్తరు, అదీ పెద్ద కప్పు ఫైనల్‌కు. ప్రభుత్వ కప్పు వేరే పెడితే ఆ పొద్దు గ్రౌండ్ దగ్గర పీఈటీలు, పిల్లల తమ్ముళ్లు తప్ప ఇంకెవరుండరు. రెఫరీ సార్ చెప్పిన పద్ధతి మంచిగుంది, ఎందుకంటే మొదటి మూడు మ్యాచ్‌లు అందరితోని ఆడుతరు. ఎవ్వని సత్తా వానిది కనిపిస్తది. కాకపోతే షీల్డ్ ఫైనల్, కప్ ఫైనల్ ఒకటే రోజు, ఒకటే గ్రౌండ్‌ల, ఒకదాని వెనుక ఒకటి పెట్టాలె. ముందుగాల షీల్డ్. చూడనీకి వచ్చినోళ్లు రెండూ చూస్తరు.

ఆట ప్రైవేట్ స్కూళ్లల్లనే పుట్టిందన్నట్టు మాట్లాడుడు కూడా తప్పు. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులు. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం, రెండింటికీ కోచ్ ఆయననే. ఆ రెండు జట్లల్ల ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పోరడు. అప్పుడు ఎవ్వరికీ టర్ఫ్ లేదు. మరి అప్పుడున్నది ఏంది? పొద్దుగూకేదాక ఆడనీకి ఖాళీ జాగా. గిప్పుడు ఆ జాగలల్ల అపార్ట్‌మెంట్లు లేచినయ్, మిగిలినయ్ గంటకింత అని అద్దెకిచ్చే నెట్ కట్టిన టర్ఫ్‌లు. గంటలు కొనుక్కునేటోళ్లకే ఆట వస్తున్నది. తేడా ఆడికెల్లి మొదలైంది.

అందుకే నేననేది, పోటీ రోజు రూల్స్ ఎన్ని రాసినా సగం పనే అయితది. ఏ శ్రేణి స్కూళ్లకు ఎంట్రీతోపాటే ఒక షరతు పెట్టున్రి: టోర్నీకి ముందు ఆరు వారాలు, వారానికి ఒక్క ఆదివారం పొద్దున రెండు గంటలు, తమ టర్ఫ్ ఒక బి శ్రేణి జట్టుకు ఇయ్యాలె. ఏ జట్టుకు ఏ గ్రౌండో డ్రా తీసి చెప్పాలె. మొత్తం పన్నెండు గంటలు. మొరం మీద ఆడే పిల్లగాండ్లకు టర్ఫ్ మీద బంతి ఎంత జోరుగ జారుతదో ఆ పన్నెండు గంటల్ల సమజైతది. మొదటి మ్యాచ్‌ల ఎక్కువ గోల్స్ పడేది దానితోనే. డిఫెండర్ అలవాటుగ బంతి ఆగుతదని నిలబడ్తడు, అది ఆగదు.

దీంతోని రూపాయి ఖర్చు లేదు. స్కూల్‌కు బీమా భయముంటే పిల్లల తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలె, పీఈటీ పక్కనే ఉండాలె.

స్కోరర్_తార్నాక

వయసు సంగతి నేను రాస్తాను. అండర్-15లో ఒక్క ఏడాది తేడా అంటే శరీరం పూర్తిగా వేరు. ఎదుగుదల మొదలైన పిల్లవాడికీ, మొదలుకాని పిల్లవాడికీ మధ్య పది, పదిహేను సెంటీమీటర్లు తేడా ఉంటుంది. కోచింగ్ ఎంత బాగున్నా దాన్ని పూడ్చలేం.

జనన ధ్రువీకరణ పత్రంలో పుట్టిన తేదీ ఒక్కటే చూసి వదిలేయొద్దు, నమోదైన తేదీ చూడండి. చట్టప్రకారం 21 రోజుల్లో నమోదు చేయాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పుట్టిన ఏడాదిలోపే నమోదైన పత్రాన్ని నమ్మొచ్చు. పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చాక నమోదైనదాన్ని పక్కన పెట్టి ఇంకో రుజువు అడగాలి: ఒకటో తరగతిలో చేరినప్పటి అడ్మిషన్ రిజిస్టర్ పేజీ, స్టాంపుతో. చాలామంది ప్రభుత్వ స్కూల్ పిల్లలకు జనన పత్రమే ఉండదు, చేరిన రోజు హెచ్‌ఎం అంచనాగా రాసిన తేదీయే నిలిచిపోతుంది. జట్టులో నలుగురికి జూన్ మొదటి వారంలోనే పుట్టినరోజు ఉంటే అది మోసమని తేల్చేయకండి. అక్కడ చేయాల్సింది రిజిస్టర్ చూడటం.

స్కూల్ రుజువుకు బోనఫైడ్ ఒక్కటే చాలదు, అది అరగంటలో తయారవుతుంది. పిల్లవాడి పెన్ నంబర్, అంటే యూడైస్‌లోని (దేశంలోని స్కూళ్ల కేంద్ర డేటాబేస్) శాశ్వత విద్యా సంఖ్య అడగండి. స్కూలు మారినా ఆ నంబర్ మారదు. అది ఇప్పుడు ఏ స్కూల్ కింద ఉందో హెచ్‌ఎం లాగిన్‌లో కనిపిస్తుంది. అలా మ్యాచ్ కోసం తెచ్చిన బయటి పిల్లవాడు దొరికిపోతాడు.

ఎముకల వయసు పరీక్ష అందరికీ పెట్టాల్సిన పని లేదు. లిఖితపూర్వక అభ్యంతరం వచ్చిన పిల్లవాడికే, తల్లిదండ్రుల అనుమతితోనే. టీడబ్ల్యూ-3 పద్ధతిలో ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి 13 ఎముకలకు మార్కులు వేస్తారు. అబ్బాయిల్లో 16.5 ఏళ్ల దగ్గర ఆ మార్కులు నిండిపోతాయి, కాబట్టి అండర్-15కి పనికొస్తుంది, అండర్-17లో చివరి అంచున పనికిరాదు. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టు ఎంఆర్‌ఐ చేయిస్తోంది. టీడబ్ల్యూ-3 ఫలితం ఏడాది దాకా అటూ ఇటూ ఉండొచ్చు. 15.4 వచ్చిందని పిల్లవాణ్ని దొంగను చేయకండి, 16 దాటితేనే ఆపండి. ఎక్స్‌రే చదివే రేడియాలజిస్టుకు పేరు, స్కూలు తెలియకూడదు, నంబర్ మాత్రమే రాసి పంపాలి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఆధార్ కాపీలు, జనన పత్రాలు వాట్సాప్ గ్రూప్‌లో పెట్టించుకోవద్దు. అవి పిల్లల వివరాలు. ఒరిజినల్ చూసి, రిజిస్టర్‌లో టిక్ పెట్టి, అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయండి.

పీఈటీ_మలక్‌పేట్

చాలా స్పష్టంగా రాశారు, అందరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి. ఒకే పేరుతో ఇరవై బ్రాంచీలున్న కార్పొరేట్ స్కూల్‌ను ఒక్క స్కూలుగా చూడాలా, ఇరవైగానా? రెండోది, గత ఏడాది ప్రభుత్వ స్కూల్ తరఫున బాగా ఆడిన పిల్లవాడికి ప్రైవేట్ స్కూల్ పూర్తి ఫీజు మాఫీతో సీటు ఇచ్చి తీసుకుపోతే? పిల్లవాడి చదువుకు అది మంచిదే, ఆపమని ఎలా రాస్తాం? మూడోది, బలమైన జట్టు కావాలని గ్రూప్‌లో ఓడి షీల్డ్ కొట్టేస్తే?

గ్రాస్‌రూట్స్_కోచ్_ఉప్పల్

బ్రాంచీలకు యూడైస్ కోడ్ చూడండి. 11 అంకెల కోడ్ ఒక్కో స్కూల్‌కు ఒక్కోటి ఉంటుంది. ఎంట్రీ ఆ కోడ్ మీదే, జట్టులోని 14 మంది పెన్ నంబర్లూ అదే కోడ్ కింద ఉండాలి. మియాపూర్ బ్రాంచ్ స్ట్రైకర్, కొంపల్లి బ్రాంచ్ కీపర్ కలిసి ఎల్బీనగర్ జట్టులో కనిపించడం అక్కడితో ఆగిపోతుంది.

రెండోది కష్టమైన ప్రశ్న. పిల్లవాడు మారడాన్ని ఆపొద్దు, ఆపే హక్కు మనకు లేదు. స్కూల్ లాభం మాత్రం తగ్గించొచ్చు. ‘గత ఏడాది ఇదే టోర్నీలో వేరే స్కూల్‌కు ఆడినవారు జట్టులో ఇద్దరికి మించకూడదు’ అని రాయండి. ఇద్దరైతే పిల్లలకు దారి మూసుకుపోదు, ఐదుగురిని ఒకేసారి ఎత్తుకెళ్లడం కుదరదు. ఫీజు మాఫీతో వచ్చిన పిల్లవాడు ఒక్కడున్నా ఫారంలో ఆ 3 పాయింట్లు పడతాయి. ఇంటి అద్దె మారి, అమ్మానాన్నల పని మారి స్కూలు మారినవాళ్లను ఈ లెక్కలో వేయకండి, పాత స్కూల్ టీసీలో కారణం, కొత్త చిరునామా చూస్తే తెలిసిపోతుంది.

కోడిగుడ్డు_బంతి

దీని మీదే టెనెసీలో పెద్ద వ్యాజ్యం నడిచింది. బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే ప్రైవేట్ స్కూల్ కోచ్, సీటు ఖాయమైనా ఇంకా స్కూల్‌లో అడుగుపెట్టని ఎనిమిదో తరగతి పిల్లలకు వసంతకాలం ప్రాక్టీస్‌కు రమ్మని ఉత్తరాలు రాశాడు. రాష్ట్ర హైస్కూల్ క్రీడా సంఘం 1997లో జరిమానా వేసింది. కేసు రెండుసార్లు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సంఘం ప్రభుత్వంలో భాగం లాంటిదేనని 2001లో 5-4తో తేల్చారు, ఆటగాళ్లను ఆకర్షించకూడదనే రూల్ చెల్లుతుందని 2007లో చెప్పారు. మన కాగితంలో కూడా ‘కోచ్ వేరే స్కూల్ పిల్లవాడితోగానీ, వాళ్ల ఇంట్లోవాళ్లతోగానీ టోర్నీ జరిగే రోజుల్లో సీటు గురించి మాట్లాడకూడదు’ అని ఒక్క వాక్యం ఉంటే, రేపు తగాదా వచ్చినప్పుడు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది.

రెఫరీ_సికింద్రాబాద్

మూడోదానికి నా సమాధానం: షీల్డ్ బి శ్రేణికి మాత్రమే. ఏ శ్రేణి జట్టు గ్రూప్‌లో మూడో స్థానానికి జారితే దాని టోర్నీ అక్కడితో అయిపోయింది. అలా షీల్డ్‌లో ఏడో ఆరో జట్లు మిగిలితే, గ్రూప్‌లో ఎక్కువ పాయింట్లు వచ్చినవాళ్లకు బై ఇవ్వండి, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు పంపండి. ఇక కావాలని ఓడాలన్న కోరిక ఎవరికీ పుట్టదు.

ఇండియానా లెక్కను మన టోర్నీకి ఇలా మార్చుకోవచ్చు: కప్ విజేతకు 4, రన్నరప్‌కు 3, సెమీస్‌లో ఓడితే 2, క్వార్టర్స్‌లో ఓడితే 1. వరుసగా రెండేళ్లలో 6 దాటితే ఫారం పాయింట్లు ఎన్నైనా ఏ శ్రేణే. షీల్డ్ గెలిచిన జట్టును మాత్రం వెంటనే పైకి నెట్టకండి. అండర్-15లో సగం జట్టు ఏడాదికే వయసు దాటిపోతుంది, పైన ఆడాల్సింది కొత్త పిల్లలు.

గల్లీ_ఆట_చాదర్‌ఘాట్

రూల్స్‌ల రాయనివి కొన్ని ఉంటయ్, అవి కూడా చూస్కోన్రి. రెండో శనివారం తప్ప మిగిలిన శనివారాలు ప్రభుత్వ బడి ఉంటది. హెచ్‌ఎం అనుమతి కాగితం, పీఈటీకి ఓడీ (ఆన్ డ్యూటీ) వారం ముందుగాలనే అడగాలె. ప్రైవేట్ స్కూల్‌కు సొంత బస్సు ఉంటది, మనోళ్లు ఆర్టీసీల రెండు బస్సులు మారి రావాలె. 7:30 మ్యాచ్ బస్సున్న జట్లకే ఇచ్చి, బస్సు లేనోళ్లకు 9:50, 11:00 ఇయ్యున్రి. ఆలస్యమైందని వాకోవర్ ఇచ్చుడు అంత అన్యాయం ఇంకోటి లేదు. 11:00 మ్యాచ్ ఆడినోనికి ఆ పొద్దు బడిల మధ్యాహ్న భోజనం పోతది. అందరికీ అన్నం పెట్టున్రి, లేకపోతే రెండు అరటిపండ్లు, ఒక ఉడకబెట్టిన గుడ్డన్న చేతిల పెట్టాలె, ఆట అయినంక.

పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులుంటయ్, ప్రాక్టీస్‌కు రారు. ప్రభుత్వ జట్టు అంటే ఎనిమిది, తొమ్మిది తరగతులే అనుకోవాలె. ఎస్‌ఏ-1 (మొదటి సమ్మేటివ్) పరీక్షల తారీఖులు చూసినంకనే డ్రా వెయ్యాలె.

షిన్‌గార్డ్స్ లేనిదే రెఫరీ దింపడు, నాలుగో నియమం. 28 జతలు కమిటీ తరఫున పెట్టున్రి, రెండు జట్లకు సరిపోతయ్, మ్యాచ్ అయినంక తుడిచి తర్వాత ఆడే జట్లకు ఇయ్యొచ్చు. స్టడ్స్ సంగతి: మొరం మీద పొడుగు స్టడ్స్ దిగవు, కాలు మెలిక పడ్తది. రెండు గ్రౌండ్లకూ పొట్టి రబ్బరు గుబ్బలుండే టర్ఫ్ బూట్లే అని రాస్తే ఒక్క జతతోని టోర్నీ మొత్తం ఆడొచ్చు. బంతి 5 నంబర్, గాలి మాత్రం గ్రౌండ్‌ను బట్టి. నియమం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఒప్పుకుంటది. మొరం మీద 0.6, 0.7 దగ్గర ఉంచాలె, లేకపోతే ఎగిరి ఎగిరి ఎవ్వని కాలికీ దొరకదు. టర్ఫ్ మీద 0.8 పెట్టున్రి. పంపుతోని గేజ్ కూడా ఒకటి కొనున్రి, చేత్తో నొక్కి చూస్తే ఒక్కొక్కలకు ఒక్కో తీరు అనిపిస్తది.